రోబోల మహానగరం

'రోబో' అనే మాటకు మూలం చెక్ భాషలోని 'రొబోతా'. ఆ పదానికి వెట్టిచాకిరి అని అర్థం. 1920లో కారెల్ చాపెక్ అనే రచయిత తన నాటకంలో, మనుషుల కోసం పనిచేసే కృత్రిమ జీవులకు ఈ పేరు పెట్టాడు.

జపాన్ చిత్రకారుడు ఒసాము తెజుకా 1949లో 'మెట్రోపొలిస్' అనే బొమ్మల కథను ప్రచురించాడు. దాని ఆధారంగా 2001లో రింతారో అనే దర్శకుడు అదే పేరుతో యానిమేషన్ చిత్రం తీశాడు. ఇందులో మనుషుల బొమ్మలు గుండ్రని ముఖాలతో, పెద్ద కళ్లతో, తెజుకా గీసినట్లే సరళంగా ఉంటాయి. వారి వెనుక ఉన్న నగరాన్ని మాత్రం కంప్యూటర్ సాయంతో ఎంతో వివరంగా చిత్రించారు. అంత పెద్ద నగరంలో మనిషి ఎంత చిన్నవాడో మాటలతో పని లేకుండానే తెలుస్తుంది.

ఆ నగరంలో నేలపైన ఆకాశాన్నంటే మేడలు ఉంటాయి. నేల అడుగున పేదలు నివసిస్తారు. ఇంకా దిగువన విద్యుత్తు తయారీ, మురుగునీటి శుద్ధి వంటి పనులు రోబోలు చేస్తాయి. అనుమతి లేకుండా హద్దు దాటిన రోబోను కాల్చివేస్తారు. రోబోల వల్ల పని పోయిన పేదలు వాటిని ద్వేషిస్తారు, పాలకులపైన తిరగబడతారు.

తీమా అనే బాలిక తాను రోబోనని ఎరుగదు. కెనిచి అనే బాలుడు ఆమెకు మాటలు నేర్పుతాడు. నిజం తెలిసిన తీమా తాను ఎవరో తేల్చుకోలేక తల్లడిల్లి, మనుషులపై పగబూనుతుంది. అప్పుడు కూడా కెనిచి ఆమెను కాపాడాలనే చూస్తాడు. ఆమె యంత్రమని తెలిసినా అతని స్నేహం మారదు.

చివరకు ఆ నగరపు ఎత్తైన కట్టడం కూలిపోతుంది. పనిచేసేవారిని పనిముట్లుగా చూసే నగరం ఎంత ఎత్తు పెరిగినా నిలువదని ఈ చిత్రం తెలియజేస్తుంది.