ఫెడరల్ అధికారి హద్దు మీరితే పరిహారమేది?

అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ అకారణ సోదాల నుంచి ప్రజలకు రక్షణ కల్పిస్తుంది గానీ, దాన్ని ఉల్లంఘించిన అధికారి నుంచి పరిహారం ఎలా రాబట్టాలో చెప్పదు. రాష్ట్ర, స్థానిక పోలీసులపై దావాకు 1871 నాటి చట్టం వీలు కల్పించింది. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, అధికారుల విషయంలో అటువంటి చట్టం లేదు. వారంటు, అనగా న్యాయమూర్తి అనుమతిపత్రం, లేకుండా మాదకద్రవ్య నిరోధక అధికారులు ఇంట్లో చొరబడి భార్యాబిడ్డల ఎదుట సంకెళ్లు వేశారని బివెన్స్ అనే వ్యక్తి చేసిన ఫిర్యాదుపై, రాజ్యాంగం ఆధారంగానే నష్టపరిహారం కోరవచ్చునని 1971లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1980 తరువాత ఆ మార్గాన్ని విస్తరించడానికి నిరాకరిస్తూ వచ్చిన కోర్టు, 2022లో సరిహద్దు గస్తీ అధికారిపై వచ్చిన దావాలో దాన్ని దాదాపు మూసివేసింది. పరిహార మార్గాలు సృష్టించడం చట్టసభ పనేనన్న వాదనలో బలం లేకపోలేదు. కాని చట్టసభ మౌనంగా ఉన్నంతకాలం భారం బాధితులదే కనుక, రాష్ట్ర అధికారులకున్న బాధ్యతనే ఫెడరల్ అధికారులకూ వర్తింపజేస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాలి.