రాశి కన్నా వాసి మేలు

రాశి అంటే కుప్ప. వాసి అంటే మంచితనం, నాణ్యం. కుప్ప పెద్దదైతే చాలదు, సరుకు మంచిదై ఉండాలి. ఇది మన పెద్దలు చెప్పిన మాట. పత్తి చేలో ఈ మాట ఎలా నిజమవుతుందో చూద్దాం.

పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. చాలా ఊళ్ళలో కిలోల లెక్కన కూలి ఇస్తారు. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. అందుకే పొద్దు పొడవగానే చేలోకి దిగుతారు. చెయ్యి ఆగదు. ఆ తొందరలో పత్తితో పాటు ఎండుటాకు వస్తుంది. సగం విచ్చిన కాయ వస్తుంది. మంచు తడి కూడా వస్తుంది. తూకం పెరుగుతుంది. మరి ధర?

కొనేవాళ్ళు తూకం ఒక్కటే చూడరు. చెత్త చూస్తారు. రంగు చూస్తారు. మిషను పెట్టి తేమ కూడా చూస్తారు. భారత పత్తి సంస్థను సి.సి.ఐ. అంటారు. అది మద్దతు ధరకు పత్తి కొంటుంది. పూర్తి ధర రావాలంటే తేమ 8 శాతం దాటకూడదు. అంటే 100 కిలోల పత్తిలో నీరు సుమారు 8 కిలోలే ఉండాలి. అది దాటితే ఒక్కో శాతానికి ధర కొంత తగ్గిస్తారు. 12 శాతం దాటితే అసలు కొనరు. అప్పుడు రైతు బయట ఎంతకో అంతకు అమ్ముకోవాల్సిందే.

మంచి పత్తి కావాలంటే ఇలా చేయాలి:

1. మంచు ఆరాకే పత్తి తీయాలి.
2. బాగా విచ్చిన కాయల నుంచే తీయాలి.
3. కింది కొమ్మలు ముందు, పై కొమ్మలు తర్వాత. అప్పుడు ఎండుటాకు రాలి కింది పత్తిలో పడదు.
4. పురుగు తిన్నదీ, రంగు మారినదీ వేరే సంచిలో వేయాలి.
5. గుడ్డ సంచి వాడాలి. ప్లాస్టిక్ గోతాం పోగులు పత్తిలో కలుస్తాయి. వాటికి రంగు అంటదు. బట్ట మీద మచ్చల్లా కనిపిస్తాయి.
6. తలకు గుడ్డ కట్టుకోవాలి. వెంట్రుకలు పత్తిలో పడవు.
7. చివరిసారి తీసిన పత్తిని ముందు తీసినదాంట్లో కలపొద్దు. దాని పోగు పొట్టిది, బలం తక్కువ.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. శుభ్రంగా తీస్తే చెయ్యి నెమ్మదిస్తుంది. కిలోలు తగ్గుతాయి. కూలి తగ్గుతుంది. లాభమేమో రైతుకు, నష్టమేమో కూలికి పోయినామెకు! ఇది న్యాయమా?

కాదు. అందుకని పనిలోకి దిగకముందే అందరూ కలిసి రైతుతో మాట్లాడుకోవాలి. శుభ్రమైన పత్తికి కిలోకు కొంత ఎక్కువ కూలి అడగాలి. లేదంటే రోజు కూలి అడగాలి. మంచి ధర వస్తే రైతుకు ఇవ్వడం కష్టమేమీ కాదు. మంచి పనికి మంచి కూలి ఉంటేనే వాసి నిలుస్తుంది.

తూకం వేసేటప్పుడు కాటా దగ్గర నిలబడాలి. అంకె చూడాలి. పుస్తకంలో రాసుకోవాలి. ఇప్పుడు చదవడం, రాయడం వచ్చు కదా!

ఆలోచించండి, మాట్లాడండి:

మీ ఊళ్ళో పత్తికి కూలి ఎలా లెక్క కడతారు?

తొందరపడితే నాణ్యం చెడే పనులు ఇంకా ఏమేం ఉన్నాయి?