క్లిక్ అనే ముందు రెండు మిల్లీమీటర్లు: రికర్వ్‌లో ఎక్స్‌పాన్షన్ అంటే ఏంటి?

ఈ వారం ఎపిసోడ్‌లో రికర్వ్ విల్లు గురించి మాట్లాడుకుంటూ ఎక్స్‌పాన్షన్ దగ్గర కాస్త తొందరగా ముగించాం. మైకు ముందు కూర్చుని "ఇదిగో, ఇలా" అని నేను భుజాలు తిప్పి చూపిస్తే వినేవాళ్ళకి ఏం కనపడుతుంది చెప్పండి? అందుకే ఆ ఒక్క భాగాన్నీ ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ఇక్కడ ఎడిసన్ చుట్టుపక్కల శనివారాలు ఇండోర్ రేంజికి వచ్చే మనవాళ్ళని చూస్తుంటాను. కొందరు పిల్లల్ని క్లాసుకి తెచ్చి, పక్కన ఊరికే కూర్చోలేక తామూ విల్లు పట్టినవాళ్ళు. కొందరు వారమంతా లాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాళ్ళు, ఇంకొందరు వేర్‌హౌస్‌లో పెట్టెలు ఎత్తేవాళ్ళు. ఆరేడు నెలలు గడిచి విల్లుకి క్లిక్కర్ బిగించాక, దాదాపు అందరి బండీ ఒకే చోట ఆగుతుంది. "విల్లు పూర్తిగా లాగుతున్నా, గురీ కుదురుతోంది, కానీ ఈ క్లిక్కర్ క్లిక్ అనట్లేదు!"

ముందు క్లిక్కర్ సంగతి. విల్లు మధ్యభాగానికి బిగించే సన్నటి రేకు అది. బాణాన్ని దాని కిందుగా పెట్టి లాగుతాం. బాణం మొన ఆ రేకుని దాటిన క్షణంలో అది విల్లుకి తగిలి 'క్లిక్' అంటుంది. అంటే ప్రతిసారీ నారిని సరిగ్గా ఒకే దూరం లాగామని దాని సాక్ష్యం. ఇదెందుకంటే, రికర్వ్‌ని చివరి అంగుళం ఎక్కువ లాగితే రెండు మూడు పౌండ్ల బలం పెరుగుతుంది. కొంచెం తక్కువ లాగితే బాణం వేగం తగ్గి కిందకి పోతుంది, ఎక్కువ లాగితే పైకి పోతుంది. గురి ఎంత బాగున్నా, లాగిన పొడవు మారితే పాయింట్లు పోయినట్టే.

ఇప్పుడు ఎక్స్‌పాన్షన్. ఒక బాణం వేయడంలోని వరస ఇది: నిలబడటం, బాణం నారికి తగిలించడం, విల్లు ఎత్తడం, లాగడం, చెయ్యిని దవడ కింద ఆనించడం (దీన్నే యాంకర్ అంటాం), బరువుని చేతుల నుంచి వీపుకి అప్పగించడం, ఆ తర్వాత ఎక్స్‌పాన్షన్, ఆపైన వదలడం. యాంకర్ అయ్యేసరికి బాణం మొన ఇంకా రెండు మూడు మిల్లీమీటర్లు క్లిక్కర్ కిందే ఉంటుంది. ఆ చివరి కాస్త దూరాన్ని చేతితో గుంజకుండా, ఛాతీ వీపూ విచ్చుకోవడంతో దాటించడమే ఎక్స్‌పాన్షన్. మొత్తం ఒకటి నుంచి మూడు సెకన్ల పని.

అంత చిన్నదాని గురించి ఇంత గోలేంటి అనిపించొచ్చు. మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ ఆర్చరే. 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండులో 72 బాణాలకి 681 పాయింట్లు కొట్టి 4వ స్థానంలో నిలిచాడు. వ్యక్తిగత పోటీలో కెనడా ఆర్చర్ ఎరిక్ పీటర్స్‌తో మ్యాచ్ 5-5 దగ్గర సమమై, చెరో బాణంతో తేల్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరూ పదే కొట్టారు. పీటర్స్ బాణం మధ్యకి దగ్గరగా ఉంది కాబట్టి ధీరజ్ ఇంటిదారి పట్టాల్సి వచ్చింది. అదే ఒలింపిక్స్ పురుషుల ఫైనల్లో కొరియా ఆర్చర్ కిమ్ వూజిన్, అమెరికా ఆర్చర్ బ్రేడీ ఎలిసన్ ఇద్దరూ చివరి బాణం పదే కొట్టారు. స్వర్ణం, రజతం మధ్య తేడా 4.9 మిల్లీమీటర్లు. అది కూడా 70 మీటర్ల దూరంలో. అక్కడ అంత తేడా రావడానికి ఇక్కడ, విల్లు దగ్గర, వెంట్రుకవాసి తేడా చాలు.

చాలామందికి వచ్చే సందేహం ఇంకోటి: "మరి జ్యోతి సురేఖ వెన్నం అంత ఇబ్బంది పడినట్టు కనపడదే?" ఆమెది కాంపౌండ్ విల్లు. అందులో కప్పీల్లాంటి చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద బరువు చాలావరకు తగ్గిపోతుంది. పైగా ఇక లాగలేనంత గట్టిగా ఒక చోట ఆగుతుంది. రికర్వ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎంత లాగితే అంత బరువు, చివర్లోనే అత్యంత బరువు. దాని కష్టాలు దానికున్నాయి గానీ, ఈ చివరి రెండు మిల్లీమీటర్ల బాధ మాత్రం రికర్వ్ వాళ్ళదే.

అసలు ఏం చెయ్యాలి? కుడిచేతి వాటం అనుకుని చెప్తాను. ఛాతీ మధ్య ఎముకని కేంద్రం అనుకోండి. అక్కడ నుంచి రెండు వైపులకీ ఒకేసారి విచ్చుకోవాలి. ఎడమచెయ్యి టార్గెట్ వైపు సాగుతుంది, కుడి రెక్క ఎముక వెన్నుపూస వైపు, కాస్త కిందకి జరుగుతుంది. కుడి మోచెయ్యి తిన్నగా వెనక్కి కాదు, తల వెనక్కి గుండ్రంగా తిరుగుతున్నట్టు కదులుతుంది. వేళ్ళు మాత్రం కొక్కెంలా నారిని పట్టుకుని ఊరుకుంటాయి. అరచెయ్యి, మణికట్టు మెత్తగా ఉండాలి.

తలుపుని గుర్తు తెచ్చుకోండి. మడతబందు దగ్గర కొంచెం కదిలితే చాలు, అంచు దగ్గర జానెడు తెరుచుకుంటుంది. వీపు మడతబందు, మోచెయ్యి తలుపు అంచు. లోపల కదలిక చాలా చిన్నదిగా, దాదాపు కనపడకుండా ఉంటుంది. చూసేవాళ్ళకి మీరు కదలనట్టే అనిపించాలి, మీకు మాత్రం ఆగనట్టు తెలియాలి.

ఆ "ఆగకపోవడం" అన్నదే ఇందులో కీలకం. యాంకర్ దగ్గర చాలామంది బ్రేక్ వేసినట్టు ఆగుతారు, గురి చూస్తారు, తర్వాత మళ్ళీ లాగడం మొదలుపెడతారు. బరువు మోస్తూ ఆగిన కండరం నిమిషంలో కాదు, సెకన్లలోనే అలిసిపోతుంది. అలిసిన వీపు తన పని చేతికి అప్పగిస్తుంది. చెయ్యి గుంజుతుంది, భుజం పైకి లేస్తుంది, బాణం మొన ముందుకే జారుతుంది. అందుకే కదలిక చిన్నదైపోవాలి గానీ నిలిచిపోకూడదు.

అమెరికాలో మనకి క్లాసుల్లో నేర్పే పద్ధతి కూడా ఇదే. కొరియా, ఆస్ట్రేలియా జట్లకి పనిచేసి 2006లో అమెరికా జాతీయ కోచ్‌గా వచ్చిన కిసిక్ లీ ఇక్కడ ఈ వరసని ఒక పద్ధతిగా పెట్టారు. దాన్ని నేషనల్ ట్రైనింగ్ సిస్టమ్ అంటారు. మీ కోచ్ 'లోడింగ్', 'ట్రాన్స్‌ఫర్', 'హోల్డింగ్' అంటుంటే ఆ మాటలు అక్కడివే. పారిస్ మిక్స్‌డ్ టీమ్ కాంస్యం కోసం ధీరజ్, అంకితా భకత్ జంటతో ఆడి గెలిచింది కూడా అమెరికా జంటే: ఎలిసన్, కేసీ కాఫోల్డ్. కేసీ మన పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ అమ్మాయి. ఆ మ్యాచ్ వీడియో దొరికితే ఒకసారి బాణాల్ని వదిలేసి, వాళ్ళ మోచేతుల్నే చూడండి. క్లిక్ అయ్యాక కుడిచెయ్యి వెనక్కి పోయే తీరు చూస్తే, అది అప్పుడు మొదలైన కదలిక కాదని, ముందునుంచీ నడుస్తున్నదేనని తెలుస్తుంది.

ఇప్పుడు మనలో ఎక్కువగా కనపడే మూడు ఇబ్బందులు.

ఒకటి, క్లిక్కర్ అందనంత దూరంగా ఉండటం. యాంకర్ అయ్యాక ఇంకా సెంటీమీటరు మిగిలితే అది వీపుతో దాటే దూరం కాదు. క్లిక్కర్‌ని జరిపించుకోవాలి, దానికోసం ఒళ్ళు మెలితిప్పకూడదు. యాంకర్‌లో ఉన్నప్పుడు పక్కన నిలబడి మొన ఎంత మిగిలిందో చూడమని కోచ్‌ని అడగండి.

రెండు, క్లిక్ శబ్దానికి ఉలిక్కిపడటం. నెలల తరబడి "క్లిక్ అంటే వదిలెయ్" అని అలవాటైతే, అది చెవిలో పడగానే ఒళ్ళంతా అదురుతుంది. క్లిక్కర్ మనకి ఆజ్ఞ ఇచ్చే మేస్త్రీ కాదు, పని జరిగిందని చెప్పే సాక్షి. దీనికో సాధన ఉంది. రేంజిలో, టార్గెట్ వైపే విల్లు పెట్టి లాగండి, క్లిక్ వినండి, వదలకుండా ఇంకో రెండు సెకన్లు విచ్చుకుంటూనే ఉండి, నెమ్మదిగా దించెయ్యండి. మూడుసార్లు దించి, నాలుగోసారి వెయ్యండి.

మూడు, గురి పట్టుకుని వేలాడటం. పసుపు వృత్తంలో సూది కదలకుండా నిలవాలని చూస్తే వీపు ఆగిపోతుంది. సూది కొద్దిగా తేలుతుంది, తేలనివ్వండి. చూపు పసుపు మీద, ధ్యాస వీపు మీద ఉండాలి. అయిదారు సెకన్లు దాటినా క్లిక్ రాకపోతే మొండికెయ్యకండి, దించేసి మళ్ళీ మొదలుపెట్టండి. దించడం ఓటమేం కాదు.

ఇక అసలు విషయం. రెక్కాడితే గాని డొక్కాడదు అంటాం కదా, మన చాలామందికి అది అక్షరాలా నిజం. వేర్‌హౌస్‌లో పనిచేసేవాళ్ళకి వారం రోజులు చెయ్యి లేవకపోతే జీతం తెగుతుంది. ఆఫీసు వాళ్ళకైనా డిడక్టబుల్ దాటకముందు భుజానికి ఎమ్మారై అంటే జేబుకి చిల్లే. వంగి కూర్చునేవాళ్ళ భుజాలు ముందుకి వాలి ఉంటాయి, ఎత్తి దించేవాళ్ళవి అప్పటికే అలిసి ఉంటాయి. ఇద్దరూ చేసే పని ఒకటే: బరువైన విల్లు తీసుకుని, చివరి రెండు మిల్లీమీటర్లు భుజంతో గుంజడం. భుజం నొప్పికి అడ్డదారి అదే. ఎక్స్‌పాన్షన్ సరిగ్గా నేర్చుకోవడం పాయింట్ల కోసమే కాదు, సోమవారం పనికి వెళ్ళగలగడం కోసం కూడా.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్ళు 20 పౌండ్ల చుట్టుపక్కల విల్లుతో మొదలుపెట్టండి. పక్క లేన్‌లో ఆయన 38 పౌండ్లు లాగుతున్నాడని మనం లాగక్కర్లేదు. నా కొలత ఒకటుంది: యాంకర్‌లో పది సెకన్లు, భుజం లేవకుండా, గట్టిగా వణకకుండా ఉండగలిగితే ఆ విల్లు మనది. లేకపోతే ఇంకా కాదు. గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ రోజుకి ఆపెయ్యండి.

వారానికి ఒక్కరోజే కుదిరేవాళ్ళకి నేను పాటించే పద్ధతి చెప్తాను. ఇంట్లో రోజూ అయిదు నిమిషాలు రబ్బర్ బ్యాండ్‌తో అదే వరస: లాగడం, యాంకర్, వీపుకి అప్పగించడం, మూడు లెక్కపెట్టేవరకు విచ్చుకోవడం, దించడం. పదిసార్లు చాలు. విల్లుని మాత్రం బాణం లేకుండా లాగి వదలకండి, విల్లు విరుగుతుంది. అపార్ట్‌మెంటు వెనక గడ్డిలో బాణాలు వెయ్యడం అసలే వద్దు. శనివారం రేంజిలో మొదటి పావుగంట టార్గెట్ కాగితం లేకుండా, రెండు మూడు మీటర్ల దగ్గర నుంచి ఖాళీ బేల్ మీదకి వెయ్యండి. గురి లేకపోతే వీపు మాట వినపడుతుంది. ఆ తర్వాతే 18 మీటర్లకి వెళ్ళి కాగితం పెట్టండి.

మొదటి నెల పాయింట్లు తగ్గొచ్చు, కంగారుపడకండి. ఎన్ని పదులు వచ్చాయని కాకుండా, వేసిన ముప్పై బాణాల్లో ఎన్నిటికి వీపుతో క్లిక్ వచ్చిందో ఒక చీటీ మీద గీతలు పెట్టుకోండి. ఆ గీతలు పెరుగుతుంటే పదులు వాటంతటవే వస్తాయి.

మీరు డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా సందేహాలుంటే వాయిస్ మెసేజ్ పంపండి. మీరు లాగేది పక్కనుంచి, వెనకనుంచి తీసిన వీడియో ఉంటే ఇంకా మంచిది. వచ్చే ఎపిసోడ్‌లో క్లిక్ తర్వాతి సంగతి, అంటే వేళ్ళు వదలడం గురించి మాట్లాడుకుందాం.