లిమిట్ 5,000, టికెట్లు 7,600

2018లో ఒక శనివారం సాయంత్రం. ఆక్లాండ్‌లో ఇంట్లో ఉండగా విజయవాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాన్నకి గుండెపోటొచ్చింది. బుధవారం ఆపరేషనన్నారు. పిల్లల్ని కూడా చూడాలంటున్నారు" అన్నాడు.

వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సింగపూర్ మీదుగా హైదరాబాదుకి నలుగురికీ 7,600 డాలర్లు. నా క్రెడిట్ కార్డు లిమిట్ 5,000. అందులో 800 అప్పటికే వాడేశాం. మిగిలింది 4,200. డబ్బు లేక కాదు. దాచుకున్నది వేరే బ్యాంకులో ఉంది, ఆ ఖాతాకి కార్డు లేదు. ఏమవుతుందో చూద్దామని 7,600కి నొక్కాను. కార్డు చెల్లదంది. మా ఆవిడ కార్డుతో ప్రయత్నించాను. అదీ అంతే. రెండు కార్డులున్నా ఖాతా ఒకటే, లిమిటూ ఒకటే. ఈ మాత్రం ముందే తట్టొద్దూ!

అప్పుడొక 'తెలివైన' ఆలోచన వచ్చింది. ఇద్దరిద్దరికి విడివిడిగా కొందామని. మొదటి ఇద్దరికి 3,800 కొట్టాను. తెర మీద చక్రం తిరిగి తిరిగి, చివరికి పొరపాటు జరిగిందన్న సందేశం వచ్చింది. టికెట్లు రాలేదు. బ్యాంకు ఖాతా తెరిచి చూస్తే మిగిలింది 400 మాత్రమే!

ఆ 3,800 ఎక్కడికి పోయింది?

మనలో చాలామంది రోజూ కోడు రాసేవాళ్ళమే గానీ, కార్డు వెనక నడిచే వ్యవహారం ఎప్పుడూ పట్టించుకోం. కార్డుల లోకంలో సందేశాలకి 1987లో మొదలైన ఐ.ఎస్.ఓ. 8583 అనే ప్రమాణం ఉంది. అమ్మేవాళ్ళ నుంచి మన బ్యాంకుకి 0100 అనే సందేశం వెళ్తుంది: "ఈ కార్డుకి ఇంత సొమ్ము ఇవ్వవచ్చా?" అని. బ్యాంకు 0110తో జవాబిస్తుంది. సొమ్ము చాలకపోతే అందులో వచ్చే కోడు 51. చాలితే అంత మేరకు పక్కన పెడుతుంది. దీన్నే హోల్డ్ అంటారు. డబ్బు నిజంగా చేతులు మారేది ఆ తర్వాత, సెటిల్‌మెంట్‌లో. మన భాషలో చెప్పాలంటే ముందు లాక్, తర్వాత కమిట్.

నా విషయంలో లాక్ పడింది, కమిట్ కాలేదు. అలాంటప్పుడు అమ్మేవాళ్ళ వైపు నుంచి 0400 అనే రద్దు సందేశం రావాలి. అది రాకపోతే హోల్డ్ దానంతట అదే పోయేదాకా కొన్ని రోజులు ఆగాలి. బ్యాంకుకి ఫోన్ చేస్తే "వాళ్ళు వదిలితేనే" అన్నారు. టికెట్ల సైటు వాళ్ళ ఆఫీసు సోమవారం గానీ తెరవరట.

లిమిట్ పెంచమని కూడా అడిగాను. న్యూజీలాండ్‌లో అది మాట మీద అయ్యే పని కాదు. 2003 నాటి వినియోగదారుల రుణ చట్టానికి చేసిన సవరణలు 2015 జూన్‌లో అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి, ఇబ్బంది పడకుండా తీర్చగలమా లేదా అని విచారించాకే అప్పిచ్చేవాళ్ళు అప్పివ్వాలి. శనివారం రాత్రి ఆ విచారణ ఎవరు చేస్తారు?

అప్పుడు ఫోన్లో ఉన్నామె ఒక మాట చెప్పింది. "మీ జీతం ఖాతా మా దగ్గరే కదా, దాన్నుంచి కార్డులోకి డబ్బు వేసుకోండి" అని. లెక్క చాలా సులువు:

వాడుకోగలిగినది = లిమిట్ − బాకీ − హోల్డ్

బాకీ కంటే ఎక్కువ కట్టేస్తే బాకీ సున్నా కంటే కిందికి పోతుంది. అంటే మనం వాడుకోగలిగిన సొమ్ము లిమిట్‌ని దాటుతుంది. లిమిట్ అనేది బ్యాంకు మనకిచ్చే అప్పుకే గానీ మనం కొనే వస్తువు ధరకి కాదు!

జీతం ఖాతాలో 1,900 ఉంది. ఒకే బ్యాంకు కాబట్టి వెంటనే కార్డులోకి చేరింది. 400తో కలిపి 2,300. ఒక్క టికెట్టు వచ్చింది. ఆదివారం నేనొక్కణ్ణే బయల్దేరాను. నా తెలివితేటలకి పోకుండా ముందే ఆ 1,900 వేసి ఉంటే 6,100 అయ్యేది, పిల్లలిద్దరూ నాతో వచ్చేవారు.

రెండో బ్యాంకు నుంచి 2,000 పంపించాను గానీ, అప్పట్లో బ్యాంకుల మధ్య డబ్బు శని, ఆదివారాల్లో కదిలేది కాదు. సోమవారం రాత్రికి చేరింది. ఈలోగా హోల్డ్ కూడా తొలగింది. టికెట్టుకి వంద చొప్పున పెరిగి ముగ్గురికీ 6,000 అయింది. 2023 మే 26 నుంచి న్యూజీలాండ్ బ్యాంకుల మధ్య ఏడాదిలో 365 రోజులూ చెల్లింపులు నడుస్తున్నాయి. ఆ సోమవారం దాకా ఆగే బాధ ఇప్పుడు లేదు.

మీకూ ఇలాంటి అవసరం పడొచ్చు. అందుకని నాలుగు మాటలు:

• పెద్ద మొత్తానికి నొక్కే ముందే కార్డులోకి డబ్బు వేయండి. అది కార్డులో కనిపించాకే కొనండి. అలా ఎక్కువ వేయడానికి మీ బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ఇవాళే కనుక్కోండి.

• కొంత సొమ్ము కార్డున్న బ్యాంకులోనే ఉంచండి.

• ఒకసారి విఫలమైతే మళ్ళీ నొక్కకండి. హోల్డ్ పడిందేమో ముందు చూడండి.

• పని అయ్యాక మిగిలింది వెనక్కి తీసుకోండి. కార్డులో ఎక్కువగా ఉన్న సొమ్ము పొదుపు ఖాతాలో లాగా వడ్డీ సంపాదించదు.

మంగళవారం ఆస్పత్రిలో నాన్న నన్ను చూడగానే అడిగిన మొదటి మాట "పిల్లలేరిరా?" అని. "వస్తున్నారు నాన్నా" అన్నాను. వాళ్ళు చేరేసరికి గురువారం అయింది. ఆపరేషన్ బాగా జరిగింది, కళ్ళు తెరిచి ఇద్దర్నీ చూసుకున్నారు. అయినా బుధవారం పొద్దున థియేటర్‌లోకి తీసుకెళ్ళేటప్పుడు ఆయన తలుపు వైపు ఎన్నిసార్లు చూశారో నేను లెక్కపెట్టాను. ఆ లెక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు.