పాడిగేదె – బీమా – పోపుల డబ్బా

ఈ సంచికలో మిత్రులు సాహిత్యం మీదా, రాజ్యాంగం మీదా, రోదసీయానం మీదా రాస్తారని తెలుసు. నేను మాత్రం గేదె మీద రాయబోతున్నాను. నవ్వదలచిన మిత్రులు నవ్వవచ్చు. కాని రేపల్లె – తెనాలి బండిలో వచ్చేవాళ్ళలోనూ, బాపట్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నవాళ్ళలోనూ మెస్ బిల్లు పాల బిల్లులోంచి కట్టేవాళ్ళు ఎంతమందో వాళ్ళకే తెలుసు. నేనూ ఆ జాబితాలోవాణ్ణే. మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. నా చదువు వాటి పొదుగు మీద నడుస్తోందంటే అతిశయోక్తి కాదు.

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న అడిగాడు: "అబ్బాయ్, గేదెల బీమా గడువు అయిపోవచ్చిందంట. మళ్ళీ కట్టాలా, ఆ డబ్బేదో అట్టిపెట్టుకుని వైద్యానికి వాడుకుందామా? ఎం.కాం. చదువుతున్నావుగా, లెక్కేసి చెప్పు."

అమ్మ పొయ్యి దగ్గర్నించే అంది: "వాణ్ణడుగుతావేంటి? వాడి లెక్క ఆ రోజే చూశాంగా!"

ఆ మాట ఎందుకందో తర్వాత చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

రెండు ప్రశ్నలు – ఒకే ముడి

"బీమానా, పొదుపా" అన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. గేదెకు జబ్బు చేస్తే డబ్బెక్కడిది? ఇది మొదటిది. గేదే పోతే మళ్ళీ గేదె ఎక్కడిది? ఇది రెండోది. నాన్న ఈ రెంటినీ కలిపి అడిగాడు. మన ఊళ్ళల్లో చాలామంది అలాగే అడుగుతారు.

మొదటి రకం ఖర్చులు చిన్నవి, తరచుగా వచ్చేవి. పొదుగువాపు వస్తుంది. ఈనిన తర్వాత మాయ పడదు. పాలజ్వరం వచ్చి గేదె లేవలేకపోతే కాల్షియం ఎక్కించాలి. దూడ అడ్డం తిరిగితే అర్ధరాత్రి డాక్టరు కోసం పరుగెత్తాలి. ఇవి ఏ ఇంట్లోనైనా ఏదో ఒక ఏడు రాక మానవు. రెండో రకం నష్టం అరుదు, కాని వచ్చిందంటే ఇల్లు కుదేలవుతుంది.

సాధారణ పశుబీమా పాలసీ రెండో దానికి పుట్టింది. గేదె జబ్బుతో గాని, ప్రమాదంతో గాని, పిడుగు, వరద, తుపాను వంటి ఉత్పాతాల వల్ల గాని చనిపోతే డబ్బిస్తుంది. డాక్టరు ఫీజు, మందుల ఖర్చు ఇవ్వదు. ఈ ఒక్క ముక్క తెలియక "బీమా కట్టాం గదా, కాల్షియం సీసాలకి డబ్బులియ్యరేం?" అని అలిగినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. గేదె బతికి ఉండి పాలకు శాశ్వతంగా పనికిరాకుండా పోవడానికి విడిగా అదనపు ప్రీమియం కడితేనే పరిహారం వస్తుంది. అదైనా పూర్తి మొత్తం కాకపోవచ్చు. మామూలుగా వట్టిపోయిన గేదెకు బీమాతో సంబంధమే లేదు.

ఇవ్వని సందర్భాలు కూడా తెలిసి ఉండాలి. పాలసీ తీసుకున్న మొదటి 15 రోజుల్లో జబ్బుతో చనిపోతే సాధారణంగా ఇవ్వరు. అంతకు ముందునుంచే ఉన్న జబ్బుకు ఇవ్వరు. దొంగతనానికి ఇవ్వరు. వైద్యం చేయించకుండా నిర్లక్ష్యం చేశారని తేలితే ఇవ్వరు. ప్రీమియం కంపెనీకి చేరకముందు జరిగినదానికి అసలే ఇవ్వరు. 1938 నాటి బీమా చట్టంలోనే ఆ నియమం ఉంది. "రేపు కడతాలే" అన్న మాటకు చట్టంలో చోటులేదు.

ఇక అంకెల్లోకి

లెక్క సులువు కోసం ఒక గేదె ధర 90,000 రూపాయలనుకుందాం. ప్రీమియం నూటికి 3 రూపాయల చొప్పున ఏడాదికి 2,700. "ఎన్నేళ్ళు కట్టినా గేదె చావలేదు, డబ్బు వృథా" అంటాడు మా బాబాయి. సరే, ఆ 2,700 బీమా కట్టకుండా ఏటేటా దాచాడనుకుందాం. 90,000 కావడానికి 33 ఏళ్ళకు పైగా పడుతుంది. గేదె అన్నేళ్ళు ఆగి, డబ్బు కూడిన తర్వాత చచ్చిపోతానని మాటిస్తే పొదుపే మేలు. అలా మాటిచ్చిన గేదెను నేను చూడలేదు.

నూటికి 3 అంటే అర్థం ఏమిటి? ఇలాంటి వంద గేదెల్లో ఏడాదికి మూడు పోతే, వందమంది కట్టినదంతా ఆ ముగ్గురికీ సరిపోతుంది. ముగ్గురికంటే తక్కువమందికి నష్టం వస్తే కంపెనీకి మిగులు, ఎక్కువమందికి వస్తే లోటు. కంపెనీ ఖర్చులూ అందులోంచే పోవాలి కాబట్టి, పూర్తి ప్రీమియం కట్టేవాడికి సగటున బీమా కొంచెం నష్టపు బేరమే. దాచడం ఎందుకు? కాని సగటు అనేది కంపెనీకి ఉంటుంది, రెండు గేదెల ఇంటికి ఉండదు. మా ఇంట్లో గేదె "సగటున నూటికి మూడు వంతులు" చావదు. ఉంటే ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

ఇప్పుడు సబ్సిడీ సంగతి. కేంద్ర ప్రభుత్వం పశుబీమా పథకాన్ని 2005–06లో దేశంలో 100 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2014 తర్వాత అది జాతీయ పశుసంపద మిషన్‌లో భాగమైంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం రైతు వాటా ప్రీమియంలో 15 శాతం. మిగతాది కేంద్రం, రాష్ట్రం 60:40గా భరించాలి. అంటే పై లెక్కలో 2,700కి రైతు కట్టేది 405 రూపాయలు, కేంద్రం 1,377, రాష్ట్రం 918. తొంభై వేల ఆస్తికి 405 రూపాయలు! ఈ ధరకు బీమా నష్టపు బేరం కాదని చెప్పడానికి ఎం.కాం. అక్కర్లేదు. అయితే పథకంలో ఒక్కో గేదెకు ఇంత అని పరిమితి పెడితే, ఆ పైన మొత్తానికి రక్షణ ఉండదు. మీ గేదె లక్షకు కొన్నదైనా సరే, పాలసీలో ఎంత రాశారో అంతే. అది సంతకానికి ముందే చదువుకోవాలి.

ఊరంతా కలిసి దాచుకుంటే?

హాస్టల్లో ఒక మిత్రుడు వాదించాడు: "కంపెనీ ఎందుకు? ఊళ్ళో వంద ఇళ్ళవాళ్ళు చీటీలా వేసుకుని, ఎవరి గేదె పోతే వాళ్ళకిస్తే సరిపోదా?"

చక్కటి ఆలోచన. పాముకాటుకో, పొట్ట ఉబ్బరానికో ఒక గేదె పోయినప్పుడు పనిచేస్తుంది కూడా. కాని మన ప్రాంతం చరిత్ర దానికి ఒప్పుకోదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన కృష్ణకు ఆవల దివిసీమను ఊడ్చేసింది, ఈవల రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ వదల్లేదు. వేలమంది మనుషులు పోయారు. పశువులకైతే లెక్కే లేదు. మా తాతయ్య ఆ మాట ఎత్తితే మనుషుల గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. "పలుపులు విప్పడానికి కూడా టైము లేకపోయింది" అని మాత్రం అనేవాడు. కట్టుగొయ్యకు కట్టినవి కట్టినట్టే పోయాయట.

అలాంటి రాత్రి వంద ఇళ్ళలో మూడు గేదెలు పోవు, అన్నీ పోతాయి. ఊరి చీటీలో డబ్బు తీసుకునేవాడే గాని ఇచ్చేవాడు మిగలడు. అందుకే బీమా అనేది దూరదూరాల వాళ్ళను కలపాలి. రేపల్లె గేదెకు అనంతపురం గేదె తోడుండాలి, ఈ రెంటికీ పంజాబు గేదె తోడుండాలి. కంపెనీలు కూడా తమ బరువులో కొంత మరో సంస్థకు బీమా చేస్తాయి, దాన్ని పునర్బీమా అంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సముద్రం మన పక్కనుంచి ఎక్కడికీ పోలేదు.

మరి ఇంత మంచిదైతే మనవాళ్ళకు బీమా అంటే ఎందుకు గురి కుదరలేదు? నాకు తోచిన కారణం ఇది. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమైంది. ఆ దశకంలోనే పశుబీమా పల్లెలకు వచ్చింది. వచ్చింది మాత్రం బ్యాంకు అప్పు వెనకాల. 1978–79లో మొదలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకంలో గేదె కొనడానికి అప్పిస్తే దానితోపాటు బీమా, చెవికి బిళ్ళ. దాంతో బీమా అనేది బ్యాంకు అప్పు బ్యాంకుకు చేరడానికే అన్న భావం పాతుకుపోయింది. అప్పు తీరగానే బీమా మానేసేవారు. అసలు రక్షణ అవసరమయ్యేది ఎవరి అప్పూ లేని సొంత గేదెకే అని ఎవరూ చెప్పలేదు.

చెవిపోగు కథ

ఇక అమ్మ అన్న మాట. 2021లో నేను ఇంటర్ రెండో ఏడు. మా పెద్ద గేదె, మూడో ఈత, పూటకు ఆరు లీటర్లిచ్చేది. దానికి బీమా ఉంది. ఒకరోజు కాలవగట్టు మీద తుమ్మచెట్టుకు మెడ రుద్దుకుంటూ చెవిపోగు ఊడగొట్టుకుంది. పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ, మీద 12 అంకెలు. అమ్మ చూసి, "ఒరేయ్, పశువుల ఆస్పత్రికి వెళ్ళి చెప్పి రారా. మళ్ళీ వేయించాలంట" అంది. రేపన్నాను. ఎల్లుండన్నాను. పరీక్షలన్నాను. నిజం చెప్పాలంటే పరీక్షలకంటే క్రికెట్టే ఎక్కువ.

మూడు వారాల తర్వాత ముసురు పట్టిన ఒక రాత్రి గేదెకు గొంతు వాచింది, ఊపిరాడలేదు. తెల్లారకముందే పోయింది. డాక్టరు వచ్చి శవపరీక్ష చేసి సర్టిఫికెట్టిచ్చారు. పంచనామా రాశారు. ఫొటోలు తీశారు. కాగితాలన్నీ కంపెనీకి పంపాం. రెండు నెలలకు జవాబు వచ్చింది: చెవిపోగు లేనందున బీమా చేసిన పశువు ఇదేనని నిర్ధారణ కాలేదు, కాబట్టి క్లెయిము తిరస్కరించడమైనది.

నాన్న ఆ కాగితం మడిచి పెట్టెలో పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ. అమ్మ గొలుసు తాకట్టుకు వెళ్ళింది, ఆ డబ్బుతో రెండో గేదె వచ్చింది. గొలుసు విడిపించడానికి మూడేళ్ళు పట్టింది.

అప్పట్లో కంపెనీని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ళ వైపునుంచి చెవిపోగు తప్ప గేదెకు వేరే పేరులేదు. ఒక పాలసీ మీద ఊళ్ళో చచ్చిన ప్రతి గేదెనూ చూపించకుండా ఆపేది ఆ బిళ్ళే. పశుబీమాలో "బిళ్ళ లేకపోతే బీమా లేదు" అన్నది పాత సూత్రం. ఊడిన వెంటనే తెలియజేసి, కొత్తది వేయించి, కొత్త నంబరు పాలసీలో ఎక్కించుకోవాలి. అది చేయాల్సినవాణ్ణి నేను. చేయలేదు.

మూడు ఊళ్ళు – మూడు సమాధానాలు

అందరికీ ఒకే సమాధానం లేదు. నాకు తెలిసిన మూడు చోట్ల సంగతి చెబుతాను.

తెనాలిలో నా స్నేహితుడి మామయ్యకు ఇరవై గేదెల డెయిరీ ఉంది. సబ్సిడీకి పశువుల సంఖ్య మీద పరిమితి ఉంటుంది కాబట్టి, అన్నింటికీ పూర్తి ప్రీమియం కడితే ఏడాదికి 54,000. రెండేళ్ళకు ఒక గేదె పోతుందనుకుంటే నష్టం 90,000, కట్టింది 1,08,000. ఆయన చేతిలో ఎప్పుడూ రెండు మూడు గేదెల డబ్బు నిలవ ఉంటే, కొన్నింటికి బీమా మానేసి సొంత నిధి పెట్టుకోవడంలో తప్పులేదు. సబ్సిడీ వచ్చినంతవరకూ వదులుకోకూడదు. అదే ఇంట్లో పెంచుకునే కుక్క సంగతి వేరు. కుక్కలకూ బీమా పాలసీలున్నాయి, కొన్ని ఆపరేషను ఖర్చులూ ఇస్తాయి. కాని కుక్క పోతే ఇల్లు గడవడం ఆగదు. మామూలు ఇంటికి టీకాలు సకాలంలో వేయించి, కొంత డబ్బు విడిగా పెట్టుకుంటే చాలుననిపిస్తుంది.

బాపట్ల తీరపు ఊళ్ళలో ఒక్క గేదె ఉన్నా బీమా తప్పదు. అక్కడ భయం ఒక గేదెది కాదు, ఒకే రాత్రి అన్నిటిదీ.

రేపల్లె దగ్గర మా ఇల్లు లాంటిదానికి రెండూ కావాలి. చావుకు బీమా, జబ్బుకు పోపుల డబ్బా. అమ్మ పుస్తకం తీసి చూశాను. గడిచిన రెండేళ్ళలో రెండు గేదెల వైద్యానికి అయిన ఖర్చు 6,400. మా ఊళ్ళో పదిరోజులకో పాల బిల్లు వస్తుంది. బిల్లుకు 100 రూపాయలు తీసి పోపుల డబ్బాలో వేస్తే ఏడాదికి 3,600, రెండేళ్ళకు 7,200. సరిపోయి ఇంకా 800 మిగులుతుంది. గాలికుంటు, గొంతువాపు టీకాలు ప్రభుత్వ పశువైద్య సిబ్బంది వేస్తున్నప్పుడు తప్పించుకోకుండా వేయిస్తే, 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించుకుంటే ఆ ఖర్చూ తగ్గుతుంది. టీకా కూడా బీమాయే, గేదె బతికుండగా పనిచేసే బీమా.

ఈ లెక్కంతా కాగితం మీద వేసి నాన్నకు చూపించాను. ఆయన 405 దగ్గర వేలుపెట్టి, "రెండిటికీ కలిపి ఎనిమిది వందల పది. కట్టేద్దాం" అన్నాడు. అమ్మ కాగితం వైపు చూడనైనా చూడలేదు. "అదంతా సరేగాని, చావిట్లోకెళ్ళి రెండిటి చెవులూ చూసొచ్చావా?" అంది.

వెళ్ళి చూశాను. రెండూ ఉన్నాయి. ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాను, అంకెలు కనపడేట్టు.

హాస్టలు మిత్రులారా, నా వ్యాసంలో మిగతాదంతా మరచినా ఫరవాలేదు. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు "డబ్బు పంపండి" అనేముందు ఒక్కమాట అడగండి: గేదె చెవిన బిళ్ళ ఉందా అని. లేదంటే, రేపన్నది మాత్రం అనకండి.