ఒకే మూకుడులో రొయ్యల అన్నం

వంటలో నేర్పరి అయిన వానిని నలభీములతో పోల్చడం మన వాడుక. విరాటుని కొలువులో వలలుడనే పేరుతో భీముడు వంటశాలను నిర్వహించాడు. ఋతుపర్ణుని కొలువులో బాహుకుడనే పేరుతో నలుడు అటు గుర్రాలనూ ఇటు వంటనూ చూసుకున్నాడు. రూపం మారిపోయిన ఆ బాహుకుడు తన భర్తేనని దమయంతి పోల్చుకోవడానికి తోడ్పడిన ఆనవాళ్లలో అతడు వండిన మాంసం రుచి ఒకటి. మహాభారతంలోని నలోపాఖ్యానాన్ని చదివేవారు సాధారణంగా ఈ రుచి దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం దానితోపాటు చెప్పిన మరొక వివరం ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. బాహుకుడు చూచినంతనే ఖాళీ కుండలు నీటితో నిండుతాయి. గుప్పెడు గడ్డిని పట్టుకుంటే నిప్పు రాజుకుంటుంది. అవి దేవతలు అతనికిచ్చిన వరాలు. అనగా నలపాకంలో సగం చేతి నేర్పు అయితే, తక్కిన సగం నీటికీ నిప్పుకూ వెచ్చించవలసిన కాలం మిగిలిపోవడమే.

ఆ రెండు వరాలు కుళాయి రూపంలోనూ గ్యాసు పొయ్యి రూపంలోనూ నేడు చాలా ఇళ్లకు చేరాయి. అయినప్పటికీ తీరిక చేరలేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట సాయంత్రం ఏడు గంటలకు తాళం తీసేసరికి పొద్దున తోమకుండా వదిలిన గిన్నెలు ఎదురుచూస్తూ ఉంటాయి. పిల్లలు ట్యూషన్ నుండి ఆకలితో వస్తారు. ఆ సమయంలో అన్నం ఒక గిన్నెలో, పప్పు మరొక గిన్నెలో, కూర వేరొక బాణలిలో వండి, వాటన్నిటినీ కడిగి పడుకునేసరికి పది దాటుతుంది. ఆ భారం ఎక్కువగా ఎవరి మీద పడుతున్నదో మీ ఇళ్లలో మీరు చూస్తూనే ఉంటారు. కాలేజీ చదువుకోసం గది అద్దెకు తీసుకొని ఉండే విద్యార్థుల పరిస్థితి వేరు. వారి గదిలో పొయ్యి ఒకటే ఉంటుంది, గిన్నె కూడా ఒకటే. చివరకు ఆ గిన్నెలో ఉడికేది నూడుల్స్ పొట్లమే.

ఇటువంటి రాత్రులకు పనికివచ్చే వంట ఒకటుంది. ఒకే మూకుడులో, సుమారు ముప్పై అయిదు నిమిషాలలో పూర్తయ్యే రొయ్యల అన్నం అది. మూకుడు అన్నది మా ప్రాంతపు మాట. కొందరు దీనినే బాణలి అంటారు, తెలంగాణలో కడాయి అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. పేరేదైనా, అడుగు మందంగా, లోతుగా, సరిపడే మూతతో ఉండాలి. అడుగు పలుచనైతే అన్నం మాడుతుంది.

మాంసాహారాలన్నిటిలో జలచరాలే ఇంత త్వరగా ఎందుకు ఉడుకుతాయన్నది మొదట తెలుసుకోవాలి. నేల మీద తిరిగే మేక తన బరువును తానే మోయాలి. అందువలన దాని కండరాలను పట్టి ఉంచే సంధాన కణజాలం గట్టిగా, దట్టంగా ఉంటుంది. అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ మెత్తబడాలంటే చాలాసేపు వేడి తగలాలి. మాంసం కూరకు కుక్కరు విజిల్స్ అన్ని కావలసి రావడానికి కారణమిదే. నీటిలో ఉండే ప్రాణి బరువును చాలావరకు నీరే మోస్తుంది. చేప కండరాలలో ఈ కణజాలం తక్కువ, పైగా అది తక్కువ వేడికే కరిగిపోతుంది. అందుకే చేప ముక్క గరిటె తగిలితేనే విడిపోతుంది. రొయ్య కండ చేపకంటె బిగువైనదే గాని, చిన్నది కనుక వేడి దాని నడిమికి క్షణాలలో చేరుతుంది. ఒక మోస్తరు రొయ్య ఉడకడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు.

చిక్కంతా ఆ తరువాతనే వస్తుంది. మాంసం అయిదు నిమిషాలు ఎక్కువ ఉడికినా చెడిపోదు. రొయ్య చెడిపోతుంది. వేడికి దాని ప్రోటీన్లు గడ్డకట్టి, దగ్గరకు ముడుచుకొని, లోపలి నీటిని పిండివేస్తాయి. మిగిలేది రబ్బరు వంటి పదార్థం. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. కొన్నేళ్ల క్రితం మా ఇంటావిడకు వేరే ఊరికి బదిలీ అయినప్పుడు, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి, నేను మిగిలాము. ప్రబంధ నాయికల భోజన సామగ్రి గురించి గంటసేపు పాఠం చెప్పగల నాకు పొయ్యి దగ్గర ఏదీ తెలియదు. మొదటి రోజు రొయ్యలను బియ్యంతో కలిపి ఒకేసారి వేసి ఇరవై నిమిషాలు ఉడికించాను. వాడు రెండు ముద్దలు తిని, "నాన్నగారూ, వీటిని నమలాలా, మింగాలా?" అని అడిగాడు. ఆ రాత్రి మజ్జిగన్నం తిన్నాము.

తప్పు వరుసలో ఉంది. బియ్యానికి పావుగంట పైగా కావాలి, రొయ్యకు నాలుగైదు నిమిషాలు చాలు. ఒకే పాత్రలో వండేటప్పుడు ఎక్కువ కాలం పట్టేది ముందు, తక్కువ కాలం పట్టేది చివర వేయాలి. ఒకే మూకుడు వంటలో రహస్యమంటూ ఏదైనా ఉంటే ఈ వరుసే.

రొయ్య ఉడికిందో లేదో తెలుసుకోవడానికి తెలుగు చదువుకున్నవారికి ఒక సులువుంది. పచ్చి రొయ్య ఇంచుమించు తిన్నగా, బూడిద రంగులో, పారదర్శకంగా ఉంటుంది. ఉడికినది వంగి అరసున్న ఆకారానికి వస్తుంది. అప్పుడు మంట ఆపాలి. అది ఇంకా ముడుచుకొని నిండుసున్న అయిందంటే ఉడకడం అతి అయినట్టు లెక్క. అర్ధానుస్వారం నేటి రాతలో కనిపించకుండా పోయిందని బాధపడే మాబోటి పండితులకు మూకుడులో అది దర్శనమివ్వడం కొంత ఊరట. రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. రొయ్యలో ఎరుపు మొదటి నుంచీ ఉంటుంది. అస్టాక్సాంతిన్ అనే ఆ వర్ణద్రవ్యాన్ని ఒక ప్రోటీన్ పట్టి ఉంచి నీలిబూడిద రంగుగా కనబడేలా చేస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ పట్టు సడలగానే దాగి ఉన్న ఎరుపు బయటపడుతుంది. కండ పాల తెలుపుకు తిరిగి, పైన గులాబి చారలు వచ్చి, ఎక్కడా పచ్చి నిగనిగ లేకపోతే ఉడికినట్టే.

ఇక రొయ్యల ఎంపిక. సాగు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందున్నది. 1990ల మధ్యకాలంలో తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యల చెరువులను కుంగదీసింది. 2009లో ప్రభుత్వ అనుమతితో వెనామీ రకం దేశంలో ప్రవేశించి క్రమంగా చాలావరకు చెరువులను ఆక్రమించింది. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం పుట్టిల్లయిన ఈ రొయ్య ఇప్పుడు భీమవరం పరిసరాల నుండి మంచు పెట్టెలలో బయలుదేరి, సముద్రమే లేని ఊళ్ల బజార్లకు కూడా చేరుతున్నది. మంచి నీటిలో పెరిగే నీలకంఠ రొయ్య దొరికితే సంతోషమే గాని, దానికి తల పెద్దది, కండ తక్కువ దక్కుతుంది.

తాజా రొయ్యకు తల మొండెంతో గట్టిగా అతుక్కొని ఉంటుంది. పెంకు మెరుస్తుంది, జిగురు ఉండదు. అమోనియా వంటి ఘాటు వాసన వస్తే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోరాదు. జలచరాలకు నీచువాసన పట్టడానికి ప్రధాన కారణం ట్రైమిథైల్ అమైన్ అనే పదార్థం. ప్రాణి చనిపోయిన తరువాత సూక్ష్మజీవుల చర్య వలన ఇది పెరుగుతుంది. పులుపు దానిని బంధించి వాసనను అణచివేస్తుంది. చేపకు చింతపండునూ, రొయ్యకు నిమ్మరసాన్నీ జతచేసిన మన పెద్దలకు రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు, ముక్కు మాత్రం బాగా పనిచేసింది. అయితే పులుపు వాసనను అణచగలదేగాని, చెడిన రొయ్యను బాగుచేయలేదు.

ఒలవడం ఒక్కటే కాస్త ఓపిక పని. అలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించారు. పెంకుతో ఉన్న రొయ్య, అలసి ఇల్లు చేరినవారికి నారికేళపాకమే. ఆదివారం నాడు ఒలిచి, పూటకు సరిపడే పొట్లాలుగా కట్టి ఫ్రీజరులో ఉంచితే వారం మధ్యలో అది ద్రాక్షాపాకమవుతుంది. పెంకుతో ముప్పాతిక కిలో కొంటే ఒలిచాక సుమారు 400 గ్రాములు మిగులుతాయి. వీపు మీద చాకుతో సన్నని గాటు పెట్టి నల్లని నరాన్ని తీసివేయాలి. నరమని పేరేగాని, అది రొయ్య జీర్ణనాళం. గడ్డకట్టిన పొట్లాన్ని గట్టు మీద గంటల తరబడి వదిలివేయరాదు. మూతి బిగించిన సంచిలోనే ఉంచి చల్లని నీటిలో ముంచితే అరగంటలోపు విడివడుతుంది. ఒకసారి కరిగిన దానిని మళ్లీ ఫ్రీజరులో పెట్టకూడదు.

నలుగురికి రెండు గ్లాసుల సోనా మసూరి బియ్యం చాలు. ఇంటికి రాగానే బియ్యం కడిగి నానబెట్టి, ఆ తరువాతనే కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. రొయ్యలకు అర చెంచా పసుపు, అర చెంచా ఉప్పు, కొద్దిగా కారం పట్టించి పక్కన ఉంచాలి. ఈలోగా రెండు ఉల్లిపాయలు, రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు తరుక్కోవచ్చు. ఈ పని పిల్లలు చేయగలరు, మగపిల్లలు కూడా.

మూకుడులో మూడు పెద్ద చెంచాల నూనె కాగిన తరువాత రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, కరివేపాకు వేసి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించాలి. ఉల్లి అంచులు ఎర్రబడడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. ఇక్కడ తొందరపడితే అన్నానికి రుచి రాదు. వంట మొత్తంలో నిదానించవలసిన చోటు ఇదొక్కటే. తరువాత ఒక చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద వేసి, పచ్చివాసన పోగానే టమాటా ముక్కలు, ఒక చెంచా కారం, ఒక చెంచా ధనియాల పొడి, తగినంత ఉప్పు వేయాలి. టమాటా మగ్గి నూనె అంచులకు చేరినప్పుడు నానిన బియ్యాన్ని వడగట్టి వేసి ఒక నిమిషం కలపాలి. గింజలకు నూనె అంటితే అన్నం పొడిపొడిగా వస్తుంది.

నీటి కొలతలోనే చాలామంది పొరబడతారు. రెండు గ్లాసుల బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లన్నది మామూలు లెక్క. కానీ బియ్యం నాని ఉన్నది, టమాటాలో నీరుంది, చివర వేసే రొయ్యలు కూడా నీరు వదులుతాయి. అందువలన మూడున్నర గ్లాసులే చాలు, కొత్త బియ్యమైతే ఇంకొంచెం తగ్గించాలి. నీరు మరిగాక మూతపెట్టి మధ్యరకం మంట మీద పది నిమిషాలు ఉంచాలి. మూత తీసి చూస్తే పైన నీరు కనబడదు, అన్నం మీద చిన్న చిన్న గుంటలు పడి ఉంటాయి. రొయ్యలు వేయవలసిన సమయమదే. వాటిని పైన పరచి, గరిటె కాడతో కొద్దిగా అన్నంలోకి దింపి, చిటికెడు గరం మసాలా చల్లి, మూతపెట్టి మంట బాగా తగ్గించాలి. ఆవిరి అంతా లోపలే ఉండి రొయ్యను ఉడికిస్తుంది. అయిదారు నిమిషాల తరువాత ఒక పెద్ద రొయ్యను తుంచి నడిమిభాగం కూడా తెల్లబడిందని చూసుకొని మంట ఆపాలి. మరో అయిదు నిమిషాలు మూత తీయకూడదు. ఆ మిగులు వేడికే అన్నంలోని చెమ్మ సర్దుకుంటుంది. పైన కొత్తిమీర, నిమ్మరసం. పక్కన పెరుగుపచ్చడి ఉంటే మంచిదే, లేకున్నా లోటు లేదు.

రొయ్యలకు బదులు చేప వేయవచ్చా అని అడిగేవారుంటారు. వేయవచ్చు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను ఇందుకు తగినది, ముళ్లు తక్కువ. ముక్కలు వేశాక గరిటె పెట్టరాదు, కలిపితే అన్నమంతా చేప పొడి అవుతుంది. ముళ్లు ఎక్కువగా ఉండే చేపలకు మాత్రం పులుసే శరణ్యం. పన్నెండవ శతాబ్దంలో చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో చేపల వంటకాల ప్రస్తావన ఉంది. ఆ రాజుగారి వంటశాలలో గిన్నెలు తోమేవారు వేరుగా ఉండి ఉంటారు కనుక, ఒకే పాత్రలో వండవలసిన అవసరం ఆయనకు కలగలేదు.

అతిథులు వచ్చిన రోజున ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. కొందరికి రొయ్యలు, పీతలు పడవు. వాటి కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఇందుకు ముఖ్య కారణం. ఎంత ఉడికించినా దాని గుణం పోదు. దద్దుర్లతో మొదలై పెదవులు వాయడం, ఊపిరి అందకపోవడం వరకు వెళ్లవచ్చు. అటువంటప్పుడు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఒకే మూకుడు వంటలో రొయ్యలను ఏరివేసి అన్నం మాత్రం వడ్డించడం కూడా ప్రమాదమే, ఎందుకంటే వాటి సారం ప్రతి మెతుకులోనూ చేరి ఉంటుంది.

మిగిలిన అన్నాన్ని పొయ్యి గట్టున తెల్లవార్లూ ఉంచరాదు. చద్దన్నం మనకు అలవాటే అయినా రొయ్యలు కలిసిన అన్నం సంగతి వేరు. వండిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పొగలు వచ్చేటట్టు వేడిచేసి ఒక్కసారే తినాలి.

మా అబ్బాయి ఇప్పుడు ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉంటున్నాడు. ఆమధ్య ఒక రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను చేసి, "నాన్నగారూ, అరసున్నలు వచ్చేశాయి, మంట ఆపెయ్యనా?" అని అడిగాడు. ఆపమన్నాను. మూత మాత్రం అయిదు నిమిషాలు తీయవద్దన్నాను.