విలేఖరి సొంత దుకాణం పెడితే

2002 ప్రాంతంలో అమెరికాలో టెలికాం రంగంలో పనిచేసిన మనవాళ్ళకి ఆ రోజులు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. జనవరిలో గ్లోబల్ క్రాసింగ్, జులైలో వరల్డ్‌కామ్ దివాలా తీశాయి. నేనప్పుడు ఒక చిన్న నెట్‌వర్కింగ్ కంపెనీలో ఉండేవాణ్ణి. శుక్రవారం వచ్చిందంటే ఎవరి సీటు ఖాళీ అవుతుందోనని గుబులు. అసలు భూమిలో, సముద్రంలో అంత ఫైబర్ ఎవరు వేయమన్నారు, ఆ డబ్బంతా ఎవరి జేబులోకి పోయింది? ఈ ప్రశ్నకి నాకు అర్థమయ్యేట్టు జవాబు దొరికింది 2003లో వచ్చిన ‘బ్రాడ్‌బాండిట్స్’ అనే పుస్తకంలో. అది 750 బిలియన్ డాలర్ల టెలికాం దోపిడీ కథ. రాసినాయన ఓం మాలిక్, ఢిల్లీ మనిషి.

1966లో పుట్టిన మాలిక్ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో కెమిస్ట్రీ చదివారు. (మన ఇళ్ళల్లో కెమిస్ట్రీ చదివినవాడు పత్రికలో చేరతానంటే ఏమవుతుందో మీకు తెలుసు.) 1990ల మొదట్లో న్యూయార్క్ వచ్చి, 1997లో ఫోర్బ్స్ వెబ్‌సైట్ బృందంలో చేరారు. మధ్యలో కొన్ని నెలలు పెట్టుబడి సంస్థలో పనిచేసినా అది రుచించక మళ్ళీ కలం పట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలో ‘రెడ్ హెర్రింగ్’, తర్వాత ‘బిజినెస్ 2.0’ పత్రికలకి రాశారు. రెండూ సిలికాన్ వ్యాలీలో అందరూ చదివినవే.

పగలు పత్రికకి రాస్తూ, మిగిలిన టైములో సొంతంగా ‘గిగాఓమ్’ అనే బ్లాగు నడిపేవారు. ఓమ్ అంటే మా ఎలక్ట్రికల్ ఇంజనీర్లకి ఇంకోటి గుర్తొస్తుంది లెండి. బ్రాడ్‌బ్యాండ్ గురించి మాలిక్‌కి లోపలినుంచి తెలుసు. ఏ కంపెనీ ఎక్కడ ఫైబర్ కొంటోంది, ఎందుకు కొంటోంది అన్నది మాకంటే ముందు ఆ బ్లాగులోనే కనిపించేది. నెలకోసారి వచ్చే పత్రికలో అచ్చయ్యేసరికి ఆ వార్త చల్లారిపోతుంది. 2006 జులైలో ‘ట్విటర్’ (అప్పటికి దాని పేరులో అచ్చులు కూడా లేవు) గురించి మొదట రాసినవాళ్ళలో ఆయన ఒకరు.

ఆ నెలకి కాస్త ముందే, 2006 జూన్‌లో, ఉద్యోగం వదిలి ట్రూ వెంచర్స్ పెట్టుబడితో గిగాఓమ్‌ని కంపెనీ చేశారు. నెలనెలా జీతమొచ్చే పేరున్న పత్రికని ఎలా వదిలాడా అని అప్పట్లో చాలామందికి అనిపించింది. 2007లో ఆ పత్రికే మూతపడింది!

అయితే సొంత దుకాణం ఊరికే నడవదు. విలేఖరిగా ఉన్నప్పుడు రాస్తే సరిపోయేది. యజమాని అయ్యాక రాయాలి, మనుషుల్ని పెట్టుకోవాలి, ప్రతి నెలా జీతాల డబ్బు సమకూర్చాలి. 2007 డిసెంబరు 28న మాలిక్‌కి గుండెపోటు వచ్చింది. వయసు 41. బయటపడ్డాక ఆ సంగతి పాఠకులకి స్వయంగా రాశారు. మన దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బు మిగతావాళ్ళ కంటే చిన్న వయసులోనే వస్తుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. స్టార్టప్ పెట్టాలనుకునే మిత్రులు బిజినెస్ ప్లాన్‌తో పాటు కొలెస్టరాల్ రిపోర్టు కూడా ఓసారి చూసుకుంటే మంచిది.

ఇక డబ్బు విషయం. హైదరాబాద్‌లో వ్యాపార వార్తలు రాసే మా మేనల్లుడు సొంతంగా సైటు పెడతానంటే ఈ లెక్కే చెప్పాను. గిగాఓమ్‌కి మూడు వైపుల నుంచి ఆదాయం. మొదటిది ప్రకటనలు. వెయ్యి సార్లు కనిపిస్తే ఇంత అని ధర. నెట్‌లో పేజీలకి కరువు లేదు కాబట్టి ఆ ధర కిందికి పోవడమే కానీ పైకి రావడం కష్టం. రెండోది సదస్సులు. క్లౌడ్ కంప్యూటింగ్ అనే మాట ఇంకా కొత్తగా ఉన్న 2008లోనే వాళ్ళు ‘స్ట్రక్చర్’ సదస్సు మొదలుపెట్టారు. టికెట్ల కంటే స్పాన్సర్ల డబ్బు ముఖ్యం ఇలాంటి వాటిలో. చిక్కేమిటంటే, పొద్దున ఏ కంపెనీని విమర్శించాలో సాయంత్రం ఆ కంపెనీ చెక్కే కావాలి. ఇది ఏ విలేఖరికైనా కత్తిమీద సామే. మూడోది 2009లో మొదలైన పరిశోధన నివేదికలు. చందా మొదట్లో ఏడాదికి 79 డాలర్లు. నివేదిక రాసేవాళ్ళు వేరు, అమ్మేవాళ్ళు వేరు. చందాలు పెరిగేలోపే జీతాల ఖర్చు పెరుగుతుంది.

2014లో మాలిక్ రోజువారీ పని వదిలి ట్రూ వెంచర్స్‌లో పూర్తికాలం భాగస్వామిగా వెళ్ళారు. 2015 మార్చి 9న గిగాఓమ్ పని ఆపేసింది. ఆపిల్ తన వాచీ ధరలు ప్రకటించిన రోజది, టెక్నాలజీ విలేఖరులకి పెళ్ళిపందిరి లాంటి రోజు. అప్పులవాళ్ళకి పూర్తిగా చెల్లించలేకపోతున్నామని, కంపెనీ ఆస్తులన్నీ తాకట్టులో ఉన్నాయని ప్రకటన వచ్చింది. పాఠకులు లేక కాదు, నెలకి లక్షల్లో ఉన్నారు. ఇక్కడే అప్పుకీ వాటాకీ తేడా తెలుసుకోవాలి. వాటా కొన్నవాడు కంపెనీ మునిగితే తనూ మునుగుతాడు, అందుకే ఓపిక పడతాడు. అప్పిచ్చినవాడికి వాయిదా తేదీ ఉంటుంది. వార్తల కంపెనీకి గోడౌనులో సరుకుండదు, ఉన్నదల్లా పేరు, పాత వ్యాసాలు. అవే తాకట్టు.

అదే దారిలో వచ్చిన రఫత్ అలీ కథ వేరు. అలీగఢ్‌లో ఇంజనీరింగ్, ఇండియానాలో జర్నలిజం చదివి 2002లో ‘పెయిడ్‌కంటెంట్’ పెట్టారు. 2008లో గార్డియన్ గ్రూప్‌కి అమ్మేశారు. (2012లో దాన్ని కొన్నది గిగాఓమే!) దాని భారతీయ విభాగంలో పనిచేసిన నిఖిల్ పాహ్వా 2008లో ఢిల్లీలో ‘మీడియానామా’ పెట్టారు. అలీ 2012లో పర్యాటక రంగం మీద ‘స్కిఫ్ట్’ మొదలుపెట్టి, కొంత పెట్టుబడి తీసుకున్నాక ఇక చాలని ఆపేశారు. వాల్ స్ట్రీట్ జర్నల్ విలేఖరి జెస్సికా లెసిన్ 2013లో ‘ది ఇన్ఫర్మేషన్’ని ఏడాదికి 399 డాలర్ల చందాతో, ప్రకటనలు లేకుండా ప్రారంభించారు. చదివేవాడే డబ్బిస్తే స్పాన్సర్ మొహం చూడక్కర్లేదు కదా. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, కానీ అంత డబ్బు పెట్టి తెలుగులో వ్యాపార వార్తలు చదివేవాళ్ళు ఎంతమంది అని మా మేనల్లుడు అడిగితే నోరు మెదపలేకపోయాను.

గిగాఓమ్ పేరుని 2015లోనే వేరేవాళ్ళు కొన్నారు. ఆ పేరుతో ఇప్పుడు టెక్నాలజీ పరిశోధన సంస్థ నడుస్తోంది. మాలిక్ మాత్రం తన పేరుతోనే ఉన్న సొంత సైటులో రాసుకుంటున్నారు, ఫొటోలు తీస్తున్నారు. అక్కడ ప్రకటనల గొడవా లేదు, అప్పులవాళ్ళూ లేరు.